వేలానికొచ్చిన మొదటి జీతం

నా మొదటి జీతాన్ని మా అమ్మ దేవుడికిచ్చింది. పదహారు రోజులకు అది దేవుడి దగ్గర్నుంచి కూడా వెనక్కి వచ్చింది. ఖాతాలో డబ్బు లేదని ఒక చీటీ రాసి, దాన్ని చెక్కుకు గుండుసూదితో గుచ్చి మరీ పంపారు బ్యాంకువాళ్లు.

ఆ చెక్కు రాసిన మనిషి మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. ఉండాలి కూడా. కానీ ఆయన్ని తిట్టుకుందామని కూర్చుంటే ముందు ఆయన పెన్ను మూత తిప్పే తీరు గుర్తొస్తుంది, తర్వాత ఆయన పంపిన కొర్రల మూట గుర్తొస్తుంది, ఇంక తిట్టు నోటిదాకా రాదు. కొందరి మీద పగ పెట్టుకోవడం నాకు చేతకాలేదు.

కర్నూలు రాజధాని అయిన కొత్త రోజులవి. సర్కారు ఆఫీసులు డేరాల్లో నడిచేవి. గుమాస్తాలకు ఇళ్లు దొరక్క అల్లాడుతుంటే పశువుల కొట్టానికి సున్నం కొట్టి అద్దెకిచ్చిన మహానుభావులు కూడా ఉన్నారు. ఎక్కడ చూసినా కట్టుబడి పనులే. ఇటుకలు, సున్నం, బండలు. ఆ బండల పుణ్యమా అని నాకు ఉద్యోగం దొరికింది.

మాది కడప జిల్లాలో రోడ్డు పక్కనుండే పల్లె. గనుల నుంచి కర్నూలుకు బండలు మోసే లారీలు మా ఊరి మీదుగానే పోయేవి. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. ఎకరంన్నర మెట్టచేను, అదీ వాన పడితేనే. అమ్మ ఊళ్లోవాళ్ల చేలల్లో కలుపు తీసి, వేరుశనగ పొలాల్లో చెనిక్కాయలు పెరికి నన్ను కడపలో మిషను హాస్టల్లో పెట్టి చదివించింది. అక్కడే ఇంగ్లీషు టైపు నేర్చుకున్నాను. టైపు పరీక్షకు ముందు అమ్మ చర్చిలో అందరి ముందూ నిలబడి మొక్కుకుంది. బిడ్డకు ఉద్యోగం వస్తే మొదటి జీతం దమ్మిడీ మిగుల్చుకోకుండా దేవుడికే ఇచ్చేస్తానని. ప్రథమ ఫలం దేవుడిదని మా వాళ్ల నమ్మకం. తొలి కంకయినా, తొలి గుడ్డయినా, తొలి జీతమైనా ముందు చర్చికి పోవాల్సిందే.

నా ఇరవయ్యో ఏట, మా పల్లె పాస్టరు అయ్యగారిచ్చిన ఉత్తరం పట్టుకుని కర్నూలు వచ్చాను. ఆడవాళ్ల హాస్టల్లో చోటు దొరికింది. నెల తిరగకముందే కల్లూరులో ఒక బండల కంపెనీలో టైపిస్టు ఉద్యోగం దొరికింది. జీతం అరవై రూపాయలు. కంపెనీ అంటే రేకుల షెడ్డు, దాని చుట్టూ పేర్చిన, నేలకు పరిచే నల్లబండలు, ఒక పాత లారీ. లోపల ఒక టైపు మిషను, ఒక ఇనప్పెట్టె, మా యజమాని కుర్చీ.

మా యజమానిది ఆత్మకూరు దగ్గర ఊరు. పెద్ద రెడ్ల రైతు కుటుంబం. నలభై అయిదేళ్ల భారీ మనిషి. పంచెకట్టు మీద కోటు వేసేవాడు, ఎండాకాలంలో కూడా. మా జిల్లాలో ఒక గని గుత్తకు తీసుకుని, అక్కడ కోయించిన బండలు కర్నూలులో కడుతున్న సర్కారు కట్టడాలకు తోలేవాడు. బండలు పోయేవి. బిల్లులు మాత్రం వచ్చేవి కావు. ఒక అధికారి సెలవులో ఉంటే ఇంకో అధికారి డేరా మార్చి ఉండేవాడు. బిల్లు రేపు వస్తుందని ఆయన నిజంగా నమ్మేవాడు. ప్రతి నెలా ముప్పయ్యో తారీఖున నమ్మేవాడు.

జీతాలు నోట్లుగా ఇస్తే అది కూలి అవుతుందని ఆయన అభిప్రాయం. ఆయన మద్రాసులో ఏదో పెద్ద కంపెనీలో ఉద్యోగులకు చెక్కులివ్వడం చూసి వచ్చాడు. రాజధానిలో ఆఫీసు పెట్టుకున్నాక చెక్కు ఇవ్వకపోతే మర్యాద కాదు. నెలాఖరున కోటు బొత్తాలు పెట్టుకుని కూర్చునేవాడు. పెన్ను మూత నిదానంగా తిప్పి తీసి, ముందు ఒక చిత్తుకాగితం మీద రెండు గీతలు గీసి చూసుకుని, మా పేర్లు రాసి, సంతకం పెట్టేవాడు. ఎంత అందమైన సంతకమో. ఆరక ముందే ఎవరైనా ముట్టుకుంటే కోప్పడేవాడు. నోటితో ఊది, రెండు చేతులతో అందించేవాడు. "సంతకం పెట్టినాక తిరుగుండదు పాపా" అనేవాడు నాతో. తిరిగి రానిది సంతకం ఒక్కటే, చెక్కులు తిరిగొచ్చేవని నాకు అప్పటికింకా తెలియదు.

ఆ మొదటి చెక్కు పట్టుకుని శనివారం బస్సెక్కి మా ఊరికి పోయాను. అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి అందుకుంది. తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసింది. అరవై రూపాయలు ఇంత పలచగా ఉంటాయా అంది. ఆ రాత్రికి దాన్ని బైబిలులో పెట్టింది. మర్నాడు ఆరాధనలో, ఎప్పటిలాగే ఆడవాళ్ల వైపు మొదటి వరసలో కూర్చుని, కానుకల వేళ లేచి రెండు చేతులతో తీసుకుపోయి అయ్యగారికిచ్చింది. మా చర్చిలో కానుకంటే అణా, బేడా, సోలెడు జొన్నలు. అరవై రూపాయలని అయ్యగారు చదవగానే వెనక వరసల్లో మనుషులు మోకాళ్ల మీద లేచి చూశారు. ఒక సంఘపెద్ద వచ్చి ఇది ప్రోనోటు కాదు గదా అని అడిగి తెలుసుకున్నాడు. మా చర్చిది మట్టినేల. వానాకాలం చెమ్మ, ఎండాకాలం దుమ్ము, అన్ని కాలాల్లోనూ చీమలు. ఆ డబ్బుతో నేలకు ఏదైనా చేయిద్దామని అయ్యగారు అక్కడికక్కడే చెప్పారు. అమ్మ వెనక్కి వచ్చి కూర్చున్నాక కొంగుతో మొహం తుడుచుకోవడం నేను చూశాను. నా జన్మలో అంత గర్వపడిన రోజు ఇంకొకటి లేదు.

అయ్యగారు ఆ చెక్కును కడపలో చర్చి ఖాతాలో వేశారు. అది కర్నూలు పోయి, చీటీ గుచ్చించుకుని, తిరిగి కడప వచ్చింది. తిప్పి పంపిన ఖర్చు కింద చర్చి ఖాతాలోంచే బ్యాంకువాళ్లు కొన్ని అణాలు పట్టుకున్నారు. మేమిచ్చింది రాకపోగా దేవుడే ఎదురు కట్టాడు.

అయ్యగారు నాకు ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం చేతిలో పెట్టుకుని నేను ఆఫీసుకు పోతే అక్కడ యజమాని లేడు. మా గుమాస్తా ఉన్నాడు. ఆయన అరవై ఏళ్ల సాయిబు, నవాబుల నాటి నుంచీ లెక్కలు రాసిన ఇంటివాడు. నన్ను కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. ఈ కంపెనీలో చెక్కు ఇచ్చిన రోజు జీతం వచ్చినట్టు కాదని, అసలు పద్ధతేమిటో నెమ్మదిగా చెప్పాడు. బిల్లు డబ్బు బ్యాంకులో పడగానే అక్కడి బంట్రోతు ఈ సాయిబుకు కబురు చేస్తాడు. సాయిబు సైకిలు మీద వచ్చి షెడ్డు బయట రెండుసార్లు గంట కొడతాడు. గంట వినగానే చెక్కు పట్టుకుని పరిగెత్తాలి. ముందు పోయినవాళ్లకు దక్కుతుంది. లారీ డ్రైవరు కాళ్లు పొడుగువాడు కాబట్టి ఎప్పుడూ వాడే గెలుస్తున్నాడట. "ఇంకమీదట ముందు నువ్వే పో బేటీ. నేను వాన్ని మాటల్లో పెట్టి నిలబెడతా" అన్నాడు.

అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఆ తర్వాత మూడు నెలల్లో రెండుసార్లు నాకు డబ్బు దక్కింది. దక్కని నెలలో ఇంకో విచిత్రం జరిగేది. చెక్కులు తిరిగొచ్చాయని తెలిసిన రోజు మా యజమాని ఆఫీసుకు రాడు. ఆత్మకూరు పోయాడని చెప్పించేవాడు. రెండోరోజు పొద్దున్నే ఎద్దులబండి ఒకటి వచ్చి షెడ్డు ముందు ఆగేది. కొర్రలు, కందులు, వంకాయలు, చింతపండు, డబ్బాలో నెయ్యి. ఎవరి మూట వాళ్లదని విడివిడిగా కట్టించి పంపేవాడు. నా మూటలో నెయ్యి కాస్త ఎక్కువే ఉండేది. నేను ఆ కొర్రలు తీసుకుపోయి హాస్టలు మేట్రన్ ముందు పెడితే ఆమె నెల భోజనం కింద జమ కట్టుకునేది. మొదట్లో మూతి ముడిచిన మనిషి, తర్వాత్తర్వాత ఈ నెల చెక్కు తిరిగొచ్చిందా లేదా అని తనే ఆశగా అడగసాగింది. అంత మంచి నెయ్యి కర్నూలులో దొరికేది కాదు మరి.

నెయ్యి తిన్నాం, నవ్వుకున్నాం, నిజమే. కానీ ఊళ్లో ఉన్న ఆ మొదటి చెక్కును మాత్రం మరవలేకపోయాను. అరవై రూపాయలు కూడగట్టి మనియార్డరు చేస్తానని అమ్మకు రాశాను. అయ్యగారి చేత జవాబు రాయించింది. నువ్వు పంపేది వేరే కానుక అవుతుంది గాని మొక్కుబడి తీరదు, మొదటి జీతమని చెప్పి దేవుని చేతిలో పెట్టింది ఆ కాగితాన్నే. అయ్యగారు ఆ కాగితాన్ని అమ్మకు తిరిగిచ్చేద్దామని చూస్తే ముట్టుకోలేదట. దేవుడికిచ్చింది వెనక్కి తీసుకోకూడదు. అలా ఆ చెక్కు దేవుడిదీ కాక మాదీ కాక అయ్యగారి పెట్టెలో ఉండిపోయింది.

మా చర్చిలో జరిగే కోతల పండుగకు పదిరోజుల ముందు ఒక ఆదివారం ఊరికి పోయాను. ఆరాధన మొదలయ్యాక మొదటి వరసలో అమ్మ కనిపించలేదు. వెనక్కి తిరిగి చూస్తే గడప దగ్గర, చెప్పులు విడిచే చోటుకు మూరెడు దూరంలో, గోడకానుకుని కూర్చుని ఉంది. ఎవరూ పొమ్మనలేదు. నాలుగు నెలలుగా అక్కడే కూర్చుంటోందట. ఊళ్లో ఎవరో, దేవునికే చెల్లని కాసు ఇచ్చిన ఇల్లు అన్నారట, నవ్వులాటకు. ఆ మాట అమ్మ నాకు చెప్పలేదు, మా పక్కింటావిడ చెప్పింది. ఏమ్మా ముందుకు రావచ్చు గదా అని అడిగితే, గాలి బాగా వస్తాందిలే అంది. అక్కడ గాలి లేదు, ఒక్క దుమ్మే.

నేను కర్నూలుకు తిరిగి వచ్చేసరికి మనిషిని మనిషిలా లేను. పాడు చెక్కు ఇచ్చినవాడు కోటు వేసుకుని దర్జాగా తిరుగుతుంటే మా అమ్మ చెప్పుల దగ్గర కూర్చుంటుందా అని ఉడికిపోయాను. నేరుగా అడిగితే బిల్లు రేపొస్తుందంటాడు. అందుకని నాకు తెలిసిన పని చేశాను. టైపు మిషను ముందు కూర్చున్నాను.

మా యజమానికి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆయన తెలుగులో విషయం చెబితే నేను ఇంగ్లీషులో ఉత్తరం టైపు చేసేదాన్ని. ఆయన చదవకుండానే సంతకం పెట్టేవాడు, ఆ సంతకం మీద అంత మోజు. ఆ రోజు కాంట్రాక్టర్లకు మూడు ఉత్తరాలు ఉన్నాయి. నాలుగోది నేను చేర్చాను. అది మా పల్లె అయ్యగారికి. ఫలానా చెక్కు నేను రాసి ఇచ్చినదే, అది చెల్లనందుకు సిగ్గుపడుతున్నాను, ఫలానా నాడు జరిగే మీ కోతల పండుగకు స్వయంగా వచ్చి దాని సంగతి చూస్తాను, ఇట్లు అని ఆయన పేరు.

ఆయన నాలుగింటికీ వరసగా సంతకాలు పెట్టాడు. నాలుగోదాని మీద సంతకం మరీ బాగా వచ్చిందని తల వెనక్కి వంచి చూసుకున్నాడు కూడా. పెన్నుకు మూత పెట్టాక, ఆఖరిదాని అర్థం చెప్పమంటారా అని అడిగాను. చెప్పమన్నాడు. చెప్పాను. అమ్మ మొక్కుబడి గురించీ చెప్పాను. గడప దగ్గర కూర్చుంటోందన్న మాట మాత్రం నోరు దాటి రాలేదు.

గుమాస్తా తల వంచుకుని లెక్కల పుస్తకంలో ఏదో వెతుకుతున్నాడు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. పోనీ అని కూడా అనుకున్నాను. యజమాని ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని, తన సంతకాన్ని మళ్లీ చూసుకున్నాడు.

"దేవునికిచ్చినారా ఆ చెక్కు?" అన్నాడు. "ముందే చెప్పింటే నోట్లే ఇచ్చిందును గదమ్మా."

ఏ నోట్లు అని నేను అడగలేదు. ఆయన ఆ ఉత్తరం మడిచి కవరులో పెట్టి, తానే అంటించాడు. "సంతకం పెట్టినాను గదా. వస్తా" అన్నాడు.

మా కోతల పండుగ గురించి రెండు మాటలు చెప్పాలి. ఇంటింటివాళ్లూ పంటలో తొలి భాగం చర్చికి తెస్తారు. జొన్నకంకులు, గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు, చెనిక్కాయలు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. దేవుడికి గుమ్మడికాయతో పని లేదు కాబట్టి అది డబ్బు కావాలి. పాట ఎంతకు పోతే అంత, తెచ్చినవాళ్ల పేర కానుకగా రాసుకుంటారు. అక్కడికక్కడే చెల్లించాలి, అప్పు లేదు. అమ్మకు ఆ సంవత్సరం ఒక ఆలోచన వచ్చింది. వాడుకోవడానికి కుదరని కానుకల్ని వేలం వేస్తారు గదా, ఈ కాగితం కూడా వాడుకోవడానికి కుదరనిదే, దీన్నీ వేలం వేయండి అని అయ్యగారిని అడిగింది. అణాకు పోయినా సరే, ఆ అణాతో మొక్కు తీరిపోతుందని ఆమె లెక్క. అయ్యగారు పాపం చాలా చెప్పి చూశారు. పద్ధతి ప్రకారం ఆమె మాటే నిలిచింది. ఇది నాకు పండుగనాడు పొద్దున గాని తెలియలేదు. తెలిసి తల బాదుకున్నాను. చెల్లని చెక్కును ఊరంతటి ముందూ పాట పెడతారా ఎవరైనా? మా అమ్మ పెట్టింది.

నేను లోపల అయ్యగారి బల్ల దగ్గర కూర్చుని పాటల పట్టీ రాస్తున్నాను. బయట లారీ ఆగిన చప్పుడైంది. మా కంపెనీ లారీయే, నిండా బండలు, కర్నూలుకు పోతూ ఉంది. ముందు సీట్లోంచి మా యజమాని దిగాడు. పెద్దలు కంగారుపడి అయ్యగారి ఒక్కగానొక్క కుర్చీని బయటికి మోసుకుపోయి చూరు కింద వేశారు. ఆయన లోపలికి రాలేదు, మావాళ్లూ రమ్మనలేదు. రెడ్లు మా వాడకు రావడమే గొప్ప, గడప దాటడం ఆ రోజుల్లో లేదు. అది ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. దాని గురించి నేను తీపిగా చెప్పలేను.

కానీ ఆయన కుర్చీ వేసింది గడప పక్కనే. గడపకు ఇవతల మా అమ్మ. వాళ్లిద్దరి మధ్య చెప్పులు. ఆమె ఎవరో ఆయనకు తెలియదు, ఆయన ఎవరో ఆమెకు తెలియదు. వాళ్లు మాట్లాడుకున్నది తర్వాత అమ్మ చెప్పింది. ముందు వానల గురించి అడిగాడట. కొర్ర ఎట్లుందని అడిగాడట. తర్వాత, ఇంత ముసలామె, లోపల చోటుండగా చెప్పుల దగ్గర యాల కూచ్చున్నావమ్మా అన్నాడట.

"బ్యాంకులో చెల్లని కాగితం ఇచ్చినా సామీ దేవునికి" అంది అమ్మ. "బిడ్డ సంపాదించిందే. బిడ్డ తప్పు ల్యా. ముందర కూచ్చునేకి నాకే మొగం చెల్లల్యా."

ఆయన ఏమన్నాడని అడిగాను అమ్మను. చెమట పడుతుంటే కోటు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడట. రెండేళ్లు పనిచేసినా కోటు లేకుండా ఆయన్ని నేను చూడలేదు.

గుమ్మడికాయలు అయిపోయాయి. కోళ్లు అయిపోయాయి. ఆఖరున సంఘపెద్ద చెక్కును రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు. చీటీ దానికి ఇంకా వేలాడుతోంది. పాట మొదలుపెట్టమన్నాడు. ఎవరో అణా అన్నారు. నవ్వులు. ఇంకెవరో ఒక కోడిగుడ్డు అన్నారు. అది కూడా ఉడకేసిందా అని మరొకరు. గడప వైపు చూడటానికి ధైర్యం చాలక బల్లవైపే చూస్తున్నాను.

"ఆ లారీలో ఉండే బండలు" అని గడప బయటి నుంచి వినిపించింది.

అందరూ తిరిగి చూశారు. సంఘపెద్దకు అర్థం కాలేదు. ఏ బండలు, ఎవరప్పా నువ్వు అని అడిగాడు.

"ఆ కాగితానికి నా పాట, లారీ బండలు. దాని మీద ఉండే సంతకం నాది" అన్నాడు మా యజమాని.

చర్చిలో కోళ్లు కూడా ఊరుకున్నాయి. ముందుగా తేరుకున్నది లారీ డ్రైవరు. ఆ లోడు సర్కారు కట్టడానికని, రేపటికి చేరకపోతే కాంట్రాక్టు పోతుందని గొణిగాడు. అయ్యగారు బయటికి పోయి, అరవై రూపాయల కాగితానికి ఇంత వద్దని చెప్పారు. పాట పాడినాక వెనక్కి తీసుకోవడం మీలో ఉందా అని అడిగాడు మా యజమాని. లేదన్నారు అయ్యగారు. మరి దించుకోండి అన్నాడు. దానికి పై పాట పాడేవాళ్లు మాలో ఎవరూ లేరు.

అప్పుడు చూశాను గడప వైపు. అమ్మ గోడ పట్టుకుని లేచి నిలబడి ఆయన్నే చూస్తోంది. ఆయన ఆమెవైపు తిరిగి, "నాదేనమ్మా ఆ చెల్లని కాగితం. నీది కాదు" అన్నాడు. పెద్ద కులంవాడు, మా అమ్మను అందరూ వినేటట్టు అమ్మా అని, తప్పు తన మీద వేసుకున్నాడు. నేను పట్టీలో అమ్మ పేరు పక్కన చెక్కు ఒకటి, లారీ బండలు అని రాశాను. అక్షరాలు అలుక్కుపోయాయి. ఏడ్చాను, ఒప్పుకుంటున్నాను.

ఆయన చెక్కు తీసుకుని, గుండుసూది ఊడదీసి నాకిచ్చి, కాగితం జేబులో పెట్టుకున్నాడు. ఖాళీ లారీలో కర్నూలు వెళ్లిపోయాడు. ఆ రాత్రి అమ్మ నిద్రపోకుండా ఒకటే మథనపడింది. అరవై రూపాయలకు ఎన్ని బండలొస్తాయి, మిగిలినవాటికి చిల్లర ఆ రెడ్డికి మనం తిరిగియ్యాలేమో అని. అది దేవుడూ ఆయనా చూసుకుంటారులే పడుకో అన్నాను.

ఆ లోడు సమయానికి అందక కాంట్రాక్టరు మా యజమానిని నానా మాటలూ అంటూ ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం ఇంగ్లీషులో వస్తే నేనే చదివి అర్థం చెప్పాను, సగం మాటలు మింగేసి. ఆయన మాత్రం పండుగ సంగతి ఆఫీసులో ఒక్కసారి కూడా ఎత్తలేదు. మారాడని అనుకునేరు. నెలాఖరున మళ్లీ కోటు, మళ్లీ పెన్ను, మళ్లీ ఆ సంతకం. చెక్కులు తిరిగొస్తూనే ఉన్నాయి. ఒక్కటి మారింది. ఉత్తరం సంతకానికి పెడితే, "దీంట్లో నేనేమంటున్నా పాపా?" అని అడిగి గాని పెన్ను తీసేవాడు కాదు.

రాజధాని హైదరాబాదుకు పోతుందని తేలాక కట్టుబడులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. బండలు కొనేవాడు లేడు. కంపెనీ మూసేసిన రోజు ఆయన మా ముగ్గురికీ ఆఖరి చెక్కులు రాసిచ్చాడు. ఊది, రెండు చేతులతో. నేను పెద్ద మనసుతో దాన్ని దాచుకున్నానని చెబితే బాగుంటుంది గాని, నేను అంత మంచిదాన్ని కాదు. గంటలో బ్యాంకులో ఉన్నాను. బ్యాంకు గుమాస్తా అరవై రూపాయలు లెక్కపెట్టి ఇచ్చాడు. అలవాటు లేక, నిజమేనా అని రెండుసార్లు అడిగాను. మా సాయిబు తర్వాత చెప్పాడు, ఆయన ఆత్మకూరు తోటలో వచ్చే ఏటి మామిడి కాపును ముందే అమ్ముకుని మా జీతాలు కట్టాడని. థాంక్స్ చెబుదామని షెడ్డుకు పోతే తాళం వేసి ఉంది. ఆయన్ని మళ్లీ చూడలేదు.

సామాను సర్దుకుని ఊరికి వచ్చాను. మర్నాడు ఆదివారం. మా చర్చి నేల చూసి నిలబడిపోయాను. నేను ఊరికి రాని ఆ ఎండాకాలమంతా ఊరివాళ్లే కష్టపడి బండలు పరిచారు. ఒకటి ఎత్తు, ఒకటి పల్లం, అతుకుల్లో సున్నం వంకరటింకర. అయినా నల్లగా, చల్లగా, గడప నుంచి ప్రసంగపు బల్ల దాకా. చీమలు లేవు, చెమ్మ లేదు. మొదటి వరసలో అమ్మ కోసం చూశాను. లేదు. తిరిగి చూస్తే అక్కడే ఉంది, గడప దగ్గర, గోడకానుకుని, చెప్పులకు మూరెడు దూరంలో.

పోయి పక్కన కూర్చున్నాను. అంతా తీరిపోయింది గదా, ఇంకా ఈడ యాల కూచ్చుంటావమ్మా అని చెవిలో అడిగాను. గొంతులో కోపం వచ్చేసింది నాకు.

అమ్మ నావైపు తిరగలేదు. అరచేతిని బండ మీద పెట్టి, అటూ ఇటూ నిమిరింది.

"ముందర కూచ్చుంటే అయ్యగారి మొగం తప్ప ఏం కనపడదు మే" అంది. "ఈడ కూచ్చుంటే నా బండలన్నీ కనపడతాండాయి."